పొయ్యి వెలిగించని పళ్లెం

గోదావరి డెల్టా అన్నపురాశుల నేల. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతపు పంటను, పంటతోపాటు ఇంటి వంటను కూడా మార్చివేసింది. చేలల్లో వరి, గట్ల మీద కొబ్బరి, లంకల్లో అరటి, ఎండాకాలం రాగానే తాటిముంజలు, మామిడి, పనస. మన తాతముత్తాతలకు నిత్యం వండే ధాన్యం బియ్యమే గాని గోధుమ కాదు. ఇంతటి సమృద్ధి మధ్య నివసిస్తున్న మన కుటుంబాలలో రంజాన్ మాసం రాగానే ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. అస్ర్ నమాజు ముగిసిన దగ్గర నుండి మగ్రిబ్ అజాన్ వినిపించే వరకు ఇంటింటా మూకుడులో నూనె కాగుతూనే ఉంటుంది. సమోసాలు, పకోడీలు, మిరపకాయ బజ్జీలు ఒక వాయి తర్వాత మరొక వాయి దిగుతూ ఉంటాయి. పగలంతా ఉపవాసమున్న గృహిణి, దుఆలు స్వీకరించబడతాయని మనం నమ్మే ఆ శ్రేష్ఠమైన ఘడియలను పొయ్యి సెగ ముందు గడుపుతుంది.

ఇఫ్తార్ పళ్లెంలో వేపుడు ఉండరాదని మేము అనడం లేదు. అయితే ఆ పళ్లెంలో సగమైనా పొయ్యి అవసరం లేని పదార్థాలు ఉంటే ఇంటికి, ఒంటికి, ఆరాధనకు కలిగే మేలు ఎంతటిదో పాఠకుల ముందు ఉంచడమే మా ఉద్దేశం. దానితోపాటు మరొక విషయం కూడా ఉంది. మన దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని కూడా గోధుమ తినలేని వారు కొందరున్నారు. వారి గురించి మనం ఆలోచించాలి.

ఇది కొత్త మాట కాదు

వండని శాకాహారం అనగానే అది నేటి నగరాల మోజు అని చాలామంది భావిస్తారు. పాలు, తేనె సహా జంతు సంబంధమైన దేనినీ ముట్టని ఆహార విధానానికి ‘వీగన్’ అనే పేరు 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట వాస్తవమే. కాని పచ్చి ఆహారపు ఆలోచన తెలుగు నేలకు అంతకంటే చాలా ముందే చేరింది. వండని, సాదా ఆహారాన్ని బోధించిన జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు.

మన హదీసు గ్రంథాలను తెరిస్తే ఇంకా ముందుకాలపు ఉదాహరణలు లభిస్తాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినగా తాను చూచినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) తెలిపిన ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆయన (స) పుచ్చకాయను ఖర్జూరంతో కలిపి తిన్నట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినది అబూదావూద్‌లో ఉంది. మగ్రిబ్ నమాజుకు ముందు తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీటితో ఉపవాసం విరమించేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. 14వ శతాబ్దపు విద్వాంసుడు ఇబ్నె ఖయ్యిమ్ తన ‘జాదుల్ మఆద్’లో ఈ జోడింపులను గురించి చర్చిస్తూ, ఒకదాని వేడిని మరొకదాని చలువ సమం చేస్తుందని వివరించారు. ఖర్జూరం, దోసకాయ, పుచ్చకాయ, నీరు. వీటిలో దేనికీ నిప్పు అవసరం లేదు, దేనిలోనూ గోధుమ లేదు.

ఇక్కడ ఒక హద్దును కూడా గుర్తుంచుకోవాలి. ఆరోగ్యం కోసం, సౌలభ్యం కోసం ఒక పూట మాంసం, పాలు లేని ఆహారం తీసుకోవడం వేరు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన వాటిని నిషిద్ధమని ప్రకటించుకోవడం వేరు. రెండవ దానిని సూరా అల్ మాయిదా 87వ ఆయత్ వారిస్తుంది. మితిమీరి తినడాన్ని సూరా అల్ ఆరాఫ్ 31వ ఆయత్ వారిస్తుంది. ఈ రెండు ఆయత్‌ల నడుమ ఉన్న విశాలమైన దారే మనది.

గోధుమ ఎవరికి విషమవుతుంది?

గోధుమపిండి ముద్దను సాగదీస్తే తెగకుండా సాగుతుంది. ఆ సాగే గుణాన్ని ఇచ్చే మాంసకృత్తునే గ్లూటెన్ అంటారు. గోధుమలోను, బార్లీలోను, రై అనే ధాన్యంలోను ఇది ఉంటుంది. చాలామందికి దీనివలన ఏ హానీ లేదు. అటువంటి వారు గోధుమను మానవలసిన వైద్యపరమైన అవసరమూ లేదు. కాని సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో శరీరపు రక్షణ వ్యవస్థ గ్లూటెన్‌ను చూచి తిరగబడి, చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అప్పుడు తిన్నది ఒంటికి పట్టదు. విడవని విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపించడం దీని లక్షణాలు. జీవితాంతం గ్లూటెన్‌ను పూర్తిగా విడిచిపెట్టడమే దీనికి చికిత్స.

ఈ వ్యాధికి గోధుమ కారణమని నిరూపించినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెమ్ డిక్కే. 1944-45 శీతాకాలంలో ఆ దేశంలో కరవు వచ్చి రొట్టె దొరకని రోజుల్లో ఈ వ్యాధిగ్రస్తులైన పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే వారి జబ్బు తిరగబెట్టడం ఆయన అనుమానాన్ని బలపరచాయి. 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ సంగతిని లోకానికి వెల్లడించాడు.

మన దేశంలో ఈ వ్యాధి గోధుమ ప్రధానాహారమైన ఉత్తరాదిలో ఎక్కువగా, దక్షిణాదిలో తక్కువగా కనిపిస్తుంది. అరుదైనది గనుకనే మన ప్రాంతంలో దీనిని అనుమానించడం ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. మా మదరసాలో చదువుకొన్న ఒక బాలుని విషయంలో అదే జరిగింది. రెండేళ్లపాటు నులిపురుగుల మందు, రక్తం పట్టే మందు ఇచ్చిన తర్వాత గాని అసలు కారణం బయటపడలేదు. గోధుమ మానిన కొద్ది నెలల్లోనే ఆ పిల్లవాడు కోలుకొన్నాడు. అయితే ఆ సంవత్సరపు రంజాన్‌లో మరొక కష్టం ఎదురైంది. మస్జిదులో సామూహిక ఇఫ్తార్‌కు వచ్చేవి సమోసాలు, హలీం. మూడు ఖర్జూరాలు నోట వేసుకొని, నీళ్లు త్రాగి, తోటివారు తింటుండగా అతడు లేచిపోయేవాడు. వారం గడిచేసరికి ఇఫ్తార్ వేళకు రావడమే మానుకొన్నాడు. ఒంటి జబ్బు నయమైనా, సహపంక్తికి దూరం కావడమనే బాధ మిగిలింది. అప్పుడు ఉపాధ్యాయులందరూ ఆలోచించి, అతనికి విడిగా ఒక పళ్లెం పెట్టడానికి బదులు, అతడు తినగలిగినవే అందరి పళ్లాలలోనూ ముందుగా వడ్డించే ఏర్పాటు చేశారు. నానబెట్టిన పెసరపప్పు, అరటిపండు, కొబ్బరి, దోసకాయ. ఆ బాలుడు తిరిగి వరుసలో కూర్చున్నాడు. అతిథి మర్యాద అంటే ఖరీదైన వంటకం కాదని, కూర్చున్న వారిలో ఎవరూ చేయి ముడుచుకొనే పరిస్థితి రాకుండా చూడటమేనని ఆ రంజాన్ మాకు నేర్పింది.

నాలుగు తేలికైన పదార్థాలు

ఖర్జూరపు చిమ్మిలి: నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలి మన గోదావరి ఇళ్లకు పాతదే. బెల్లం కాచి తీసేది గనుక, పూర్తిగా వండనిదే కావాలనుకొనేవారు దాని స్థానంలో ఖర్జూరం వాడవచ్చు. కప్పు నువ్వులను కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, రోటిలో గాని మిక్సీలో గాని బరకగా దంచాలి. గింజ తీసిన మెత్తని ఖర్జూరాలు ఒక కప్పు, నాలుగు ఏలకుల పొడి చేర్చి మళ్లీ దంచితే నువ్వులలోని నూనెతోనే ముద్ద కడుతుంది. ఉసిరికాయంత ఉండలు చేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచితే వారం రోజులు నిలువ ఉంటాయి.

వడపప్పు: మన పొరుగు హిందూ సోదరుల ఇళ్లలో శ్రీరామనవమి నాడు చేసేది ఇదే. కప్పు పెసరపప్పును కడిగి రెండు గంటలు నానబెట్టి నీరు వంచాలి. సన్నగా తరిగిన కీర దోసకాయ, పచ్చిమామిడి, అరచిప్ప కొబ్బరి తురుము, ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, నిమ్మరసం కలపాలి. నలుగురికి సరిపోతుంది. తాలింపు వేయాలనిపించినా ఇంగువ జోలికి పోవద్దు. కారణం ముందు చెబుతాము.

కొబ్బరిపాల అటుకులు: అటుకులు ధాన్యాన్ని వేయించి దంచినవి గనుక పూర్తిగా పచ్చివి కావు, కాని మన ఇంట పొయ్యి వెలిగించే పని లేదు. కొబ్బరికాయ తురిమి, గోరువెచ్చని నీటితో రుబ్బి, పలుచని గుడ్డలో పిండి పాలు తీయాలి. రెండు కప్పుల అటుకులను కడిగి ఆ పాలలో పది నిమిషాలు నానబెట్టి, మగ్గిన చక్రకేళి పండ్లు రెండు చిదిమి కలిపితే తీపి సరిపోతుంది. కొబ్బరిపాలు మన వేడికి త్వరగా పులుస్తాయి గనుక అప్పటికప్పుడే తినాలి.

ఖర్జూరపు నీరు: ఏడు ఖర్జూరాలను గింజలు తీసి, రెండు గ్లాసుల మంచినీటిలో ఇషా తర్వాత నానబెట్టి, సహరీలో చిదిమి త్రాగాలి. దీనినే అరబ్బీలో నబీజ్ అంటారు. దైవప్రవక్త (స) కొరకు ఇలా ఖర్జూరాలు నానబెట్టేవారని హదీసుల్లో ఉంది. మన వాతావరణంలో ఇది తొందరగా పులుస్తుంది; నురగ, పుల్లని వాసన కనిపిస్తే మత్తు గుణం ఏర్పడుతున్నదని గ్రహించి పారబోయాలి. చల్లని పెట్టెలో ఉంచి, ఉదయానికే ముగించడం క్షేమం.

దాగి ఉన్న గోధుమ

గోధుమ తినరాని వారు ఇంట ఉన్నప్పుడు రొట్టె, పరోటా మానితే సరిపోదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా అన్నీ గోధుమ నుండి వచ్చినవే. హలీంలో గోధుమ తప్పనిసరి. షీర్ ఖుర్మాలోని సేమియా గోధుమదే. పండుగనాడు దాని స్థానంలో బియ్యపు సేమియా వాడవచ్చు. బార్లీతో చేసే తల్బీనా ఎంత శ్రేష్ఠమైనదైనా ఈ రోగులకు తగదు. పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడులు బార్లీ, గోధుమలతో తయారైనవే. బజారులో దొరికే కలగలుపు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిపి ఉంటుంది. సెనగపిండి పకోడీలో గోధుమ లేకపోయినా, సమోసాలు వేయించిన నూనెలోనే వేయిస్తే ప్రయోజనం ఉండదు. పొట్లాం మీద గ్లూటెన్ లేదని వ్రాయాలంటే కిలో పదార్థంలో అది 20 మిల్లీగ్రాములకు మించరాదన్నది మన దేశపు ఆహార భద్రతా నియమం. కనుక కొనేముందు పొట్లాం మీది అక్షరాలు చదవడం అలవరచుకోవాలి.

జబ్బు ఉన్నదేమోనని అనుమానం కలిగినవారు తమంతట తామే గోధుమ మానివేయకూడదు. ముందే మానితే రక్తపరీక్షలో వ్యాధి కనిపించకపోవచ్చు. గోధుమ తింటూనే వైద్యుని సంప్రదించి పరీక్ష చేయించుకొని, ఆ తర్వాతే మానాలి.

పచ్చివన్నీ మంచివి కావు

మన డెల్టా మెట్టల్లో విస్తారంగా పండే కర్రపెండలంతోనే సగ్గుబియ్యం తయారవుతుంది. ఆ దుంపను పచ్చిగా తింటే అందులోని సయనైడు ప్రాణాంతకం కాగలదు. దానిని ఉడికించే తినాలి. రాజ్మా గింజలు పచ్చివి తింటే తీవ్రమైన వాంతులవుతాయి. కంద గొంతు దురదపెడుతుంది. మొలకెత్తిన గింజల్లో సూక్ష్మక్రిములు సులభంగా పెరుగుతాయి గనుక గర్భిణులు, పసివారు, వృద్ధులు వాటిని ఉడికించి తినడమే మేలు. కూరగాయలు, పండ్లు కడగడానికి కాలువ నీరు పనికిరాదు. త్రాగే నీటినే వాడాలి.

మధుమేహం ఉన్నవారు ఖర్జూరాన్ని, అరటిని కొలతతో తినాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీరు, ఖర్జూరం, అరటిపండు మూడింటిలోను పొటాషియం అధికం గనుక వైద్యుని మాట ప్రకారం నడుచుకోవాలి. పూర్తి వీగన్ ఆహారంలో బి12 విటమిన్ లభించదు. ఎదిగే పిల్లలకు దానినే ఏకైక ఆహారంగా చేయడం సరికాదు. మేము సూచించేది పూటలో ఒక భాగం మాత్రమే.

వచ్చే రంజాన్‌లో వారానికి రెండు రోజులైనా మూకుడు దించి చూడండి. వడపప్పు నానబెట్టే పని పిల్లలకు, కొబ్బరి తురిమే పని మగవారికి అప్పగించండి. మగ్రిబ్‌కు ముందు ఆ అరగంట ఇంటి ఇల్లాలి చేతులు గరిటెను విడిచి దుఆ కోసం పైకి లేస్తాయి. ఇఫ్తార్‌కు ఎవరినైనా పిలిచేటప్పుడు ‘మీకు సరిపడనివి ఏమైనా ఉన్నాయా?’ అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్న కోసం మొహమాటంతో ఎదురుచూచేవారు మన బంధువర్గంలోనే ఉండవచ్చు.

ధర్మసమ్మతమూ, పరిశుభ్రమూ అయిన ఆహారాన్ని, దానిని అందరితో పంచుకొనే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.