తేట నీళ్ళ తొట్లు, మేటవేసిన సముద్రం

ప్రియేనె ఒకప్పుడు సముద్రాన్ని నమ్ముకుని బతికిన గ్రీకు పట్టణం. పడమటి టర్కీలో, మికాలె కొండ దక్షిణపు వాలు మీద దాని శిథిలాలున్నాయి. అక్కడ నిలబడి కిందికి చూస్తే కనుచూపు మేరా చదును నేల, పత్తి చేలు. సముద్రం దాదాపు 15 కిలోమీటర్ల అవతలికి జరిగిపోయింది.

టర్కీ వెళ్ళినవాళ్ళలో చాలామంది ఎఫెసస్ చూసి తిరిగొచ్చేస్తారు. గ్రీకు పట్టణం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మాత్రం ప్రియేనెకే వెళ్ళమంటాను. గైడు కూడా అక్కర్లేదు, చేతిలో ఊరి పటం ఉంటే చాలు. క్రీ.పూ. 350 ప్రాంతంలో కొత్తగా కట్టుకున్న ఈ ఊళ్ళో వీధులన్నీ గళ్ళు గీసినట్టు ఉంటాయి. తూర్పు పడమరల వీధులు కొండ నడుమున ఇంచుమించు సమంగా సాగుతాయి. ఉత్తర దక్షిణాల వీధులు నిటారుగా దిగుతాయి, వాలు మరీ ఎక్కువైన చోట మెట్లుంటాయి. ఎండ గట్టిగా ఉంటుంది కాబట్టి నీళ్ళ సీసా, జారని చెప్పులు మరిచిపోవద్దు.

నడక ఊరి ఈశాన్య మూల నుంచి మొదలుపెట్టండి. ప్రాకారం పక్కన కొన్ని రాతి తొట్లు కనిపిస్తాయి. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండవు, కానీ ఈ ఊరి కథంతా వాటిలోనే ఉంది. కొండ మీది ఊటనీటిని కాలువలో తెచ్చి ఈ తొట్లలోకి వదిలేవారు. పరుగెత్తుకొచ్చిన నీరు వెడల్పాటి తొట్టిలో నెమ్మదిస్తుంది. వేగం తగ్గగానే మట్టిని మోసే శక్తి పోతుంది. ముందు ఇసుక, తరవాత సన్నమట్టి అడుక్కి దిగుతాయి. పైనున్న తేట నీరు మట్టి గొట్టాల్లో ఊళ్ళోకి పారేది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో బిందెలో నీళ్ళు పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరేదాకా కదపకుండా ఉంచిన ఇళ్ళవాళ్ళకు ఈ సూత్రం కొత్తేమీ కాదు.

అక్కడి నుంచి నాటకశాల దగ్గరే. ముందు వరసలో సింహపు పాదాలు చెక్కిన పాలరాతి కుర్చీలు ఐదున్నాయి, పూజారులకూ పెద్దలకూ. మిగతా జనమంతా వెనక రాతిమెట్ల మీద కూర్చునేవారు. ఊరి సభ కూడా ఇక్కడే జరిగేది. అంచున కనిపించే పీఠం నీటి గడియారానిది. మాట్లాడేవాడికి ఇచ్చిన సమయాన్ని నీటి ధారతో కొలిచేవారు.

ఇంకాస్త పడమటికి ఎథీనా దేవి ఆలయం. కట్టినవాడు పీథియోస్, హాలికర్నాసస్‌లోని ప్రసిద్ధ సమాధి మందిరం వాస్తుశిల్పి. క్రీ.పూ. 334లో ఇటు వచ్చిన అలెగ్జాండర్ దీని నిర్మాణానికి సొమ్మిచ్చి తన పేరు చెక్కించుకున్నాడు. ఆ శాసనం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తిరిగి నిలబెట్టిన ఐదు స్తంభాల చుట్టూ తక్కినవి దిమ్మెలు దిమ్మెలుగా పడున్నాయి. ఒక దిమ్మె దగ్గర వంగి చూడండి. నడిమధ్య, తిరగలి రాయికి ఉన్నట్టే, ఒక గుంట ఉంటుంది. పై దిమ్మెను కింది దాని మీద సరిగ్గా కూర్చోబెట్టే సీల అందులో ఉండేది. భూకంపాలకు స్తంభాలు కూలినప్పుడు ఈ అతుకుల దగ్గరే విడిపోయాయి.

చాలామంది ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు, కిందికి దిగితే మళ్ళీ ఎక్కాలని. మీరు మాత్రం దిగండి. అట్టడుగున, పరుగుపందేల మైదానం పక్కన, కుర్రాళ్ళ వ్యాయామశాల ఉంది. స్నానాల గదిలో గోడ వెంట రాతితొట్టి, దాని మీద సింహపు తలలు, వాటి నోళ్ళలోంచి నీటి ధారలు పడేవి. పక్కన కుర్రాళ్ళ చదువుల గది గోడల మీద వందల పేర్లు గీసి ఉన్నాయి. 'ఇది ఫలానావాడి చోటు' అని ఎవరి బల్ల వాళ్ళు ఖాయం చేసుకున్న గీతలవి. రెండువేల ఏళ్ళు దాటినా ఆ అక్షరాల్లో తొందర కనిపిస్తూనే ఉంది. నాకు అలెగ్జాండర్ శాసనం కన్నా ఇవే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు పత్తి చేల మైదానం వైపు తిరగండి. దూరాన పారుతున్నది పూర్వం మయాండర్ అని పిలిచిన నది, నేటి పేరు బ్యూయుక్ మెండెరెస్. 500 కిలోమీటర్లకు పైగా వంకర్లు తిరుగుతూ వచ్చే ఈ నదికి ఒకప్పుడు ఇక్కడున్న అఖాతమే తొట్టి. నెమ్మదించిన నీరు ఒండ్రును వదిలేసింది. దానికి తోడు, పటిక వేస్తే బురద రేణువులు గుంపుకట్టి అడుక్కి దిగినట్టే, సముద్రపు ఉప్పు తగిలినా సన్నమట్టి గుంపుకట్టి దిగుతుంది. ఇక్కడ ఆటుపోట్లు స్వల్పం, కాబట్టి దిగిన మట్టిని ఈడ్చుకుపోయే బలం సముద్రానికి లేదు. ఎగువన అడవులు నరికి, మందలు మేపిన కొద్దీ ఒండ్రు పెరిగింది. పై తొట్లలో నీటిని తేర్చి ఊరికి మేలు చేసిన ధర్మమే ఇక్కడ రేవును పూడ్చేసింది.

క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ ఈ మైదానం ఒకప్పటి అఖాతమని గుర్తించాడు. భూగోళ రచయిత స్ట్రాబో నాటికి తీరం ప్రియేనెకు 40 స్టేడియాలు, అంటే ఏడు కిలోమీటర్లకు పైగా, దూరమైంది. అఖాతంలో తెగిపోయిన ఒక పాయ నేటి బాఫా సరస్సు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిన మన కొల్లేరు కథా ఇలాంటిదే. రేవు పోయిన ఊళ్ళో డబ్బు తగ్గింది, పాతవి పడగొట్టి పెద్దవి కట్టే స్తోమత లేకపోయింది. 1895లో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వకాలు మొదలుపెట్టాక, గ్రీకుల నాటి వీధులు చాలావరకు అలాగే బయటపడ్డాయి.

మైదానం అవతల మరో గ్రీకు పట్టణం మిలేటస్ శిథిలాలున్నాయి. వాటికి పడమట ఒక చిన్న గుట్ట. అది ఒకప్పటి లాడే ద్వీపం. క్రీ.పూ. 494లో దాని చుట్టూ పెద్ద నౌకాయుద్ధం జరిగింది. హెరడోటస్ లెక్క ప్రకారం గ్రీకుల ఓడలు 353, పర్షియన్లవి 600. గ్రీకుల ఓడల్లో 12 ప్రియేనె పంపినవి. ఆ గుట్ట చుట్టూ ఇప్పుడు పొలాలున్నాయి, నడిచి వెళ్ళవచ్చు.