గేటు దగ్గర నిలబడిన మనిషి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మా శేరిలింగంపల్లి ప్రాంతంలో కట్టడాల చప్పుడు ఆగింది లేదు. మా చర్చి పక్కన కూడా రెండేళ్లపాటు ఒక అపార్ట్‌మెంట్ లేచింది. అప్పుడే ఒక వేసవిలో మా సండేస్కూలు పిల్లలకు పిల్లనగ్రోవి నేర్పాలనుకున్నాం. అందరికీ కొనిచ్చే స్తోమత చర్చికి లేదు. అపార్ట్‌మెంట్ ముందు కోసి పారేసిన అర అంగుళం ప్లాస్టిక్ పైపు ముక్కలు కనిపించాయి. మేస్త్రీని అడిగితే ఒక సంచి నిండా ఇచ్చాడు.

పైపును అడుగు పొడవున కోసి, ఒక చివర కార్కు బిరడా బిగించాం. బిరడాకు దగ్గరగా ఊదడానికి ఒక రంధ్రం, కాస్త ఎడంగా వేళ్లకోసం ఆరు రంధ్రాలు వేశాం. వెదురుకైతే కాల్చిన కడ్డీతో వేస్తారు. ఈ ప్లాస్టిక్ కాలితే హానికరమైన వాయువు వస్తుంది, అందుకే డ్రిల్లింగ్ మెషీన్ వాడాం. తీరా ఊదితే బుస్సుమనే గాలే తప్ప నాదం లేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. ‘పారేసిన పైపు, ఇంతకన్నా ఏం పలుకుతుంది?’ అనేశాం.

‘‘పైపులో తప్పు లేదండి అయ్యగారూ. బిరడా పక్కనుంచి గాలి పోతోంది’’ అని గేటు దగ్గర్నుంచి వినిపించింది. ఆ అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ప్లంబరు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు. చిన్నప్పుడు పశువులు కాస్తూ వెదురుతో పిల్లనగ్రోవులు చేసేవాడట. బిరడా చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాడు. ఊదే రంధ్రం అంచును గరుకు కాగితంతో నున్నగా చేశాడు. ఆ అంచుకు ఊపిరి తగిలి చీలితేనే లోపలి గాలి కంపించి నాదమవుతుంది. ఊదాడు. పిల్లలంతా కేరింతలు కొట్టారు. ‘‘వేళ్ల రంధ్రాలు ముందు చిన్నవే వేయండి. పెంచినకొద్దీ స్వరం పెరుగుతుంది. ఎక్కువైతే తగ్గించడం కష్టం’’ అని నేర్పాడు.

ఆయన కొడుకు మా సండేస్కూలు పిల్లవాడే. ‘‘మీరెప్పుడూ లోపలికి రాలేదేం?’’ అని అడిగాం. ‘‘ఒంటినిండా సిమెంటండి. కొడుకును దింపి ఇక్కడే నిలబడతాను. ఎవరూ రమ్మనలేదు కదండీ’’ అన్నాడు.

మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. స్పష్టమైన స్వరం పలకని పిల్లనగ్రోవిని గురించి పౌలు రాశాడు (1 కొరింథీ 14:7). ఆ వచనంలోని ‘ఔలోస్’ అనే గ్రీకు మాటను సెమినరీలో నేర్చుకున్నాం, దానిమీద ప్రసంగాలూ చేశాం. కానీ మురికిబట్టల పేదవాణ్ణి దూరంగా నిలబెట్టే సంఘాన్ని యాకోబు గద్దించిన మాట (యాకోబు 2:2-4) మా గేటు దగ్గరే నెరవేరుతోందని గ్రహించలేదు. లీకు పైపులో ఒక్కదానిలోనే లేదు, మాలోనూ ఉంది. పాటలు, ప్రార్థనలు ఎన్ని ఉన్నా ప్రేమ కారిపోయే చోట మిగిలేది గాలి చప్పుడే!

ఆ తర్వాతి ఆదివారం ఆయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాం. కొన్ని నెలలకే అపార్ట్‌మెంట్ పూర్తయి, కుటుంబంతో మరో పనిచోటికి వెళ్లిపోయాడు. పిల్లల చేతుల్లో ఆ పైపులు ఇంకా పలుకుతూనే ఉన్నాయి. అవి వినిపించినప్పుడల్లా మా కళ్లు గేటువైపు వెళ్తాయి. మరి మీ చర్చి గేటు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారు?