కరపత్రంలో లేని పేరు

మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఏ ఊరి తిరునాళ్ల కరపత్రమైనా తీసి చూడండి. కల్యాణం, గ్రామోత్సవం, అన్నదానం వివరాల కింద ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల ప్రకటన కనిపిస్తుంది. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సేద్యపు ఎడ్లు, న్యూ కేటగిరీ, సీనియర్స్ అని విభాగాలు, వాటి పక్కన బహుమతులు, దాతల పేర్లు. పోటీల రుచి తెలిసినవాళ్లు ఆ కాగితం చేతికి రాగానే ఏ ఊరి జత వస్తుంది, ఏది ఎంత లాగుతుంది అని లెక్కలు మొదలుపెడతారు. కొత్తగా చూసేవాళ్లకు మాత్రం పళ్లకూ బండకూ ఉన్న సంబంధమే అంతుపట్టదు.

ఎద్దుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పైన గట్టి చిగురు తప్ప పళ్లుండవు. దూడగా ఉన్నప్పటి పాలపళ్లు రెండేళ్లు దాటాక మధ్యలోనుంచి రెండేసి చొప్పున ఊడి, పెద్ద పళ్లు వస్తాయి. మూడేళ్ల ప్రాంతంలో నాలుగు, ఆ తర్వాత ఆరు, ఐదేళ్లు నిండేలోపు ఎనిమిదీ పూర్తవుతాయి. మేతను బట్టి, జాతిని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ కావచ్చు. పుట్టిన తేదీ రాసి ఉంచని పశువుకు ఇంతకన్నా నమ్మకమైన వయసు లెక్క లేదు. ఎముక ఇంకా ముదరని రెండు పళ్ల గిత్తకూ, నిండు వయసు ఎద్దుకూ ఒకే బండ పెట్టడం అన్యాయం కనక విభాగాలు వచ్చాయి. చిన్న వయసుకు తేలిక బండ, పెద్దవాటికి బరువు బండ.

ఒక విభాగంలో అందరికీ బండ ఒకటే, సమయం ఒకటే. పది నిమిషాలా, ఇరవయ్యా అన్నది విభాగాన్ని, కమిటీని బట్టి ఉంటుంది. లాటరీ తీసి వరుస నిర్ణయిస్తారు. గడువులో ఎన్ని అడుగులు లాగారన్నదే ఫలితం, ఒక్కోసారి అంగుళాల్లో తేలుతుంది. దూరం కొలత కనక చూసేవాళ్లు బలం ఒక్కటే చాలనుకుంటారు. బరి పొడవు 250 అడుగులు, గడువు ఇరవై నిమిషాలు అనుకుందాం. మూడు వేల అడుగులు లాగాలంటే బరి ఈ చివరి నుంచి ఆ చివరికి పన్నెండుసార్లు, మధ్యలో పదకొండుసార్లు ఎడ్లను తిప్పుకోవాలి. సగటున ఒక్కో సారికి వంద సెకన్లు. తిప్పుకునే ప్రతిసారీ పది సెకన్లు ఎక్కువ పోగొట్టుకున్న జతకు పదకొండుసార్లలో 110 సెకన్లు పోతాయి. అంటే బరి పొడవునా ఒకసారి లాగేంత సమయం తిప్పుకోవడంలోనే హరించుకుపోయింది.

అందుకే బలమైన ఎద్దు వేరు, గెలిచే జత వేరు. దాపటి ఎద్దు, వెలపటి ఎద్దు ఎత్తులో, నడకలో, ఊపులో కలవాలి. నిలిచి ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను సాగించడానికి అక్కరలేదు. మొదటి ఊపులో ఒకటి ముందుకు ఉరికి, రెండోది అర క్షణం ఆలస్యంగా మెడ వంచితే కాడి వంకర తిరుగుతుంది, లాగే బలం కొంత పక్కకు పోతుంది. చెరో ఊరి నుంచి లక్షలు పోసి కొన్న రెండు మేటి ఎడ్లను కలిపినంత మాత్రాన జత అయిపోదు. నెలల తరబడి ఒకే కాడి కింద నడిపించాలి, ఉలవలు పెట్టాలి, సాధన బండ లాగించాలి, మనుషుల కేకలకు, మైకు మోతకు బెదరకుండా అలవాటు చేయాలి.

ఆ పని చేసేది తోలేవాడు. ఏ ఎద్దు ఏ పిలుపుకు కదులుతుందో, ఎన్నో నిమిషానికి ఊపిరి బరువెక్కుతుందో, ఎక్కడ ఆపి రెండు క్షణాలు ఊపిరి తీసుకోనివ్వాలో అతనికే తెలుసు. మొదటి ఐదు నిమిషాల్లో అరిచి, ఉరికించి, చప్పట్లు కొట్టించుకున్న జత చివర్లో బండ దగ్గర నిలబడిపోవడం ఈ ప్రాంతంలో పోటీలు చూసే ఎవరికైనా తెలిసిన దృశ్యమే. అయినా మర్నాడు పత్రికలో యజమాని పేరు, ఊరి పేరు, లాగిన అడుగులు వస్తాయి. తోలినవాడి పేరు సాధారణంగా రాదు.

ఈ లోటు నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. పోల్చి చూడండి: ఇంగ్లండ్‌లో ఏటా మార్చిలో చెల్టెన్‌హామ్‌లో నాలుగు రోజులు, ఏప్రిల్‌లో లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో, కంచెలు దూకే గుర్రప్పందేల పెద్ద పండుగలు జరుగుతాయి. అక్కడ పందేనికి ముందే ప్రతి గుర్రం పేరు పక్కన జాకీ పేరు అచ్చవుతుంది. ఏ జాకీ ఏ గుర్రమెక్కుతాడన్నదాన్ని బట్టి అంచనాలు మారతాయి. 2021లో ఎయింట్రీ గ్రాండ్ నేషనల్ పందెం గెలిచిన తొలి మహిళగా రేచల్ బ్లాక్‌మోర్ పేరు, ఆమె ఎక్కిన మినెల్లా టైమ్స్ పేరుతో కలిసి చరిత్రకెక్కింది. పేరు ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. కంచెల పందెంలో జాకీ కొరడా ఏడుసార్లకు మించి వాడకూడదని 2023 నుంచి అక్కడ నిబంధన. మించితే జాకీకి శిక్ష పడుతుంది.

మన దగ్గర చట్టం లేదని కాదు. బరువు లాగే పశువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనలు ముల్లుగర్రను నిషేధించాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పశువుతో పని చేయించవద్దన్నాయి. చైత్రంలో మార్కాపురం ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించడానికి మూలం పశువులు పడే హింసే. వీటిని అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. బండలాగుడును ప్రేమించేవాళ్లు ఈ తీర్పులు చదవాలి. కొట్టకుండా తోలడమే ఈ పోటీకి గట్టి రక్షణ.

రక్షించుకోవలసినంత విలువైనది కూడా మన చేతిలో ఉంది. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం వైపు సాగి తూర్పుకు పోతుంది. దిగువన ఆ ఏటి పరీవాహక నేల ఒంగోలు జాతికి పుట్టినిల్లు. ఆ జాతి బ్రెజిల్ వెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్‌గా స్థిరపడి, అక్కడి పశుసంపదకు ఆధారమైంది. మార్కాపురం చుట్టుపక్కల మెట్టల్లో మాత్రం ట్రాక్టర్ వచ్చాక సేద్యానికి ఎడ్లు పెంచే ఇళ్లు తగ్గాయి. వానలు తప్పిన ఏడు చొప్ప కొనడమే కష్టం. అలాంటి చోట మేలైన జత ఒక ఇంట్లో నిలబడిందంటే, అందులో ఈ పోటీల మీది మోజుకు పెద్ద వాటా ఉంది.

ఈ ఏడు తిరునాళ్లకు వెళితే మొదటి ఊపు ముందు తోలేవాడి చేతిని చూడండి. గిత్తలను తట్టి, పేరుపెట్టి పిలిచి కదిలించేవాడు ఒకడు, చెర్నాకోల ఎత్తాకే కదిలించగలిగేవాడు మరొకడు. కమిటీలకు నా విన్నపం ఇంతే: లాటరీ చీటీ మీద యజమాని పేరుతో పాటు తోలేవాడి పేరు రాయండి, మైకులో ఆ పేరు చదవండి, దెబ్బలు లెక్కపెట్టడానికి ఒక మనిషిని పెట్టండి, సీనియర్స్ బండను పొద్దున్నే మొదలుపెట్టండి.