యాభైకి యాభై కలిపితే తొంభై ఆరు

అపోహ: రెండు ద్రవాలు కలిపితే వాటి ఘనపరిమాణాల మొత్తమే వస్తుంది.

వాస్తవం: 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 50 మి.లీ. నీళ్లలో 50 మి.లీ. శుద్ధమైన ఇథనాల్ పోయండి. గాజుపాత్ర వెచ్చబడుతుంది. మళ్లీ 20 డిగ్రీలకు చల్లారాక కొలజాడీలో చూస్తే మట్టం 96 దాటి కాస్త పైన ఆగుతుంది. తగ్గినదంతా ఆవిరైపోయిందని చాలామంది అనుకుంటారు. మూత బిగించి తూచండి: కలపకముందు రెండూ కలిసి 89 గ్రాముల పైచిలుకు, కలిపాకా అంతే. నిలబడేది ద్రవ్యరాశి. ఘనపరిమాణానికి ఆ హామీ లేదు.

కోవిడ్ కాలంలో శానిటైజర్ తయారుచేసిన వారందరికీ ఇది అవసరమైన సంగతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో 96 శాతం ఇథనాల్ 8,333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిజరాల్ 145 మి.లీ. ఉంటాయి. నీళ్లు ఎన్ని పోయాలో మాత్రం అంకె లేదు. 10 లీటర్ల గీత వరకు నింపమని ఉంటుంది. పదివేలలోంచి మిగతావి తీసేసి 1,105 మి.లీ. నీళ్లు కొలిచి పోస్తే మట్టం గీతను చేరదు, ఇథనాల్ కూడా ఉండాల్సిన 80 శాతాన్ని కొద్దిగా మించుతుంది. ల్యాబుల్లో స్టాండర్డ్ ఫ్లాస్కు మెడ మీద గీత ఉండేది ఇందుకే.

అపోహ: చిన్న అణువులు పెద్ద అణువుల సందుల్లో దూరతాయి, కాబట్టి ఏ మిశ్రమమైనా కుదించుకుపోవాల్సిందే.

వాస్తవం: సెనగల డబ్బాలో ఆవాలు పోసి చూపించే తరగతి గది ప్రయోగం పిల్లలకు బాగా నచ్చుతుంది. అది సగం నిజమే చెబుతుంది. బెంజీన్, సైక్లోహెక్సేన్ చెరో 50 మి.లీ. కలిపితే 100 మి.లీ. కంటే ఎక్కువే వస్తుంది. పెరుగుదల అర శాతానికి పైనే. పైగా ఆ మిశ్రమం చల్లబడుతుంది. (బెంజీన్ క్యాన్సర్ కారకం, ఇంట్లో ప్రయత్నించే పని కాదు.) సందుల సిద్ధాంతం ఇక్కడ ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యదు. అసలు కారణం ఆకర్షణ. నీరు, ఇథనాల్ హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి దగ్గరకు లాక్కుంటాయి. బెంజీన్ అణువుల మధ్య ఉన్న పొందికను సైక్లోహెక్సేన్ చెదరగొడుతుంది, అందుకని అవి ఎడంగా జరుగుతాయి. దాదాపు ఒకే స్వభావమున్న బెంజీన్, టోలీన్ కలిపితే చెప్పుకోదగ్గ మార్పే ఉండదు.

అపోహ: వోడ్కాలో 40 శాతం ఆల్కహాల్ ఉండాలని తేల్చింది మెండలీవ్.

వాస్తవం: 1865లో ఆయన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం ఆల్కహాల్, నీటి కలయిక మీదే. కానీ అది సాంద్రతల అధ్యయనం. రష్యాలో ఆ ప్రమాణం అంతకుముందే ఉంది.

అపోహ: మిశ్రమం చిక్కదనం రెండు ద్రవాల చిక్కదనాలకూ సగటుగా ఉంటుంది.

వాస్తవం: సగటు దాదాపు ఎప్పుడూ తప్పే. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత (చిక్కదనం కొలత) 1.0, ఇథనాల్‌ది 1.2 మిల్లీపాస్కల్ సెకండ్లు. రెండూ పలుచనే. బరువులో 40 శాతానికి కాస్త పైగా ఇథనాల్ ఉన్న మిశ్రమం మాత్రం 2.9 దాకా వెళుతుంది, అంటే రెండింటిలో దేనికన్నా రెట్టింపుకు పైనే. హైడ్రోజన్ బంధాలతో అల్లుకున్న అణువులు ఒకదాన్నొకటి దాటుకుని జారడం కష్టమవుతుంది.

గ్లిజరిన్ దీనికి తిరగబడి నడుస్తుంది. శుద్ధ గ్లిజరిన్ స్నిగ్ధత 1,400 పైన. అందులో బరువులో పదో వంతు నీళ్లు చేరితే సగటు లెక్క ప్రకారం 1,270 దగ్గర ఉండాలి. నిజంగా ఉండేది 220. మరో పదో వంతు నీరు చేరితే 60. నాకు ఈ అంకెలు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, మూత తీసి ఉంచిన సీసాలోని గ్లిజరిన్ పలుచబడిందంటే ఎవరో కల్తీ చేశారనే అనుమానించనక్కర్లేదు.

అపోహ: చిక్కగా ఉన్నదే బరువైనది.

వాస్తవం: ఆముదం నీటికన్నా కొన్ని వందల రెట్లు చిక్కన, అయినా నీటిపై తేలుతుంది. ఇథనాల్ నీటికన్నా తేలిక, స్నిగ్ధత మాత్రం ఎక్కువ. సాంద్రత, స్నిగ్ధత వేర్వేరు గుణాలు. అలాగని కొలతలో రెండోదానికి మొదటిది అక్కర్లేదని కాదు. ఆస్వాల్డ్ విస్కోమీటర్‌తో ప్రాక్టికల్ చేసే డిగ్రీ విద్యార్థులు ద్రవం కారిన సమయాన్ని సాంద్రతతో గుణిస్తారు. అక్కడ మిశ్రమం సాంద్రతను సీసాతో తూచి కనుక్కోకుండా సగటు వేసేస్తే, చెరి సగం కలిపిన నీరు, ఇథనాల్‌కు 0.894 వస్తుంది. అసలు విలువ 0.927. టైమర్ ఎంత జాగ్రత్తగా నొక్కినా జవాబు మూడున్నర శాతం తక్కువ వస్తుంది.