మత్తిగిరి గుఱ్ఱముల నుండి ట్యాంకుల వఱకు

హోసూరు నుండి మత్తిగిరికి పోవు త్రోవలో ప్రభుత్వ పశుక్షేత్రము కలదు. మన బిడ్డలు దానిని ఆవుల ఫారమని యెఱుగుదురు. పెద్దలలోను పలువు రంతకు మించి యెఱుగరు. అది 1824లో ఏర్పడినది ఆవుల కొఱకు గాదు, ఈస్టిండియా కంపెనీవారి సైన్యమునకు గుఱ్ఱములను సిద్ధపఱచుట కొఱకు. సుమారు 1600 ఎకరముల ఆ పచ్చిక నేలను చూచినప్పుడెల్ల, ఆ గుఱ్ఱము లెక్కిన రిసాలా లేమైనవను ప్రశ్న మాకు కలుగుచుండును. వానిలో ఒకదాని కథను తలిదండ్రులకు విన్నవింపదలచితిమి.

ముందుగా గుఱ్ఱముల సంగతి. దళమునకు గుఱ్ఱమును కొనితెచ్చినంతమాత్రమున పని తీఱదు. అరబ్బు దేశముల నుండియు, తరువాత ఆస్ట్రేలియా నుండియు ఓడలలో దిగిన జంతువులు క్రొత్త నేలకు, క్రొత్త మేతకు అలవాటు పడవలెను. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల ఎత్తున నున్నది. గాలి చల్లన, గడ్డి సమృద్ధి, బెంగుళూరు దండు దగ్గఱ. ఇచ్చట వానిని మేపి, జీనునకును కళ్ళెమునకును లొంగదీసి, పిదప దళములకు పంచెడివారు. మన మెట్టచేలలో పండు ఉలవలు వానికి దాణా. మనము చారు కాచుకొను ఆ గింజకు ఆంగ్లేయులు గుఱ్ఱము పేరే పెట్టిరి.

ఇక రిసాలా. ఆర్కాటు నవాబు కొలువులోని అశ్వదళమొకటి 1776లో కంపెనీవారి వశమైనది. నేటి భారత సైన్యములో 16వ లైట్ కావల్రీ యనునది అదియే; మన దేశపు ట్యాంకు దళములలో దీనికంటె ప్రాచీనమైనది లేదు. 1781లో హైదరాలీతో షోలింగరు వద్ద జరిగిన పోరు దాని తొలి కీర్తులలో నొకటి. తరువాతి మైసూరు యుద్ధముల ఫలితముగనే 1792లో కృష్ణగిరితో కూడిన బారామహలును, 1799లో హోసూరు సీమయు కంపెనీవారి యేలుబడిలోనికి వచ్చినవి. సత్యము చెప్పవలెనన్న, ఆనాటి రౌతులలో కర్ణాటక ముసల్మానులే అధికులు. మన తెలుగువారు కాల్బలములలో నెక్కువగా నుండిరి.

పందొమ్మిదవ శతాబ్ది గడచుకొలది దక్షిణమున యుద్ధము లుడిగినవి. అప్పుడు దక్షిణాదివారు పోరునకు తగరను వాద మొకటి బయలుదేఱెను. 1881 నుండి 1885 వఱకు మద్రాసు సేనకు అధిపతియైన రాబర్ట్సు దొర ఆ వాదమునకు పెద్ద దిక్కు. యుద్ధమే లేని సీమలో నుంచి, యుద్ధము మఱచితిరని నిందించుట ఏపాటి న్యాయము? అయినను ఆ మాటయే చెల్లెను. పంజాబు, రాజపుతానా ప్రాంతముల వారిని చేర్చుకొనిరి. 1903లో దళమునకు 27వ లైట్ కావల్రీ యని పేరు మార్చినపుడు అందలి 'మద్రాసు' అను మాటయు తొలగిపోయెను. 16 అను సంఖ్య ఆ తరువాత వచ్చినది.

1923లో భారతీయులనే అధికారులుగ నియమించుటకు ఎన్నుకొనబడిన కొలది దళములలో ఇదియు నొకటి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున గుఱ్ఱములు పోయి, ఉక్కు కవచపు మోటారు బండ్లు వచ్చినవి. వానితోనే 1945లో బర్మాయందలి మెయిక్తిలా వద్ద ఈ దళము పోరాడెను. అప్పటి నాయకుడు జె. ఎన్. చౌధురి. ఆయన పేరు తెలుగువారికి క్రొత్తది గాదు: 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై నడచిన సేనకు నాయకుడై, నిజాము సేన లొంగిన పిదప ఆ రాజ్యమునకు సైనిక గవర్నరుగ నున్నది ఆయనయే.

స్వాతంత్ర్యము వచ్చు తరుణమున దళమున మరల దక్షిణాదివారిని చేర్చుకొన మొదలిడిరి. తగరన్న వారి బిడ్డలకే ట్యాంకుల నప్పగించిరి. సెంచూరియన్ ట్యాంకు తూకము సుమారు 50 టన్నులు. నాయకుడు, ఫిరంగి గుఱి చూచువాడు, గుండు నింపువాడు, నడుపువాడు — ఈ నలువురు ఒక్క మనస్సుతో మెలగినగాని అది కదలదు, కాల్చదు. అట్టి ట్యాంకులతో 1965 సెప్టెంబరు 8న సియాల్‌కోట రంగమున గద్‌గోరు వద్ద ఈ దళము తలపడెను. నష్టము కలిగినను నిలిచి, 'పంజాబు 1965' అను యుద్ధగౌరవమును పొందెను. ఆనాడు భారత సైన్యమున కంతకును అధిపతి ఆ చౌధురియే యగుట విశేషము.

గుఱ్ఱములు పోయినను వాని మాటలు పోలేదు. ట్యాంకు దళమున హవల్దారును దఫాదారనియు, సుబేదారును రిసాల్దారనియు నేటికిని పిలుతురు. సామాన్య సైనికుడు 'సవారు'. బండి సవారి, గుఱ్ఱపు సవారి యని మన యిండ్లలో పలుకునది ఆ మాటయే. మత్తిగిరిలో మాత్రము నేడు పశువులే మేయుచున్నవి.