బ్రేకు ఆయిలు – రెండేండ్ల గడువు

దర్శి ప్రాంతపు పొగాకు పొదిలి వేలమునకును, మిరపకాయ గుంటూరు యార్డునకును నేడు మోటారు బండ్లమీదనే పోవుచున్నవి. ఎద్దు నీరసించిన నడకలోనే తెలియును. బ్రేకులోని లోపము మాత్రము కనుమ దిగునప్పుడు గాని బయటపడదు. నంద్యాలనుండి విత్తనపు బస్తాలతో నల్లమల కనుమమీదుగా గిద్దలూరు వైపు దిగుచుండగా, మేమెక్కిన బండి పెడలు మెత్తబడి అడుగంటెను. డ్రైవరు గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ఎట్టెటో గట్టుప్రక్క నాపెను. చూడగా డబ్బాలో ఆయిలు నిండుగానే యుండెను!

కారణము వినుడు. పెడలు త్రొక్కిన బలమును చక్రములకు చేర్చునది ఆయిలే. ద్రవము నొక్కిన నణగదు, ఆవిరి యణగును. వాడుకలోనున్న డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 క్రొత్తదైనప్పుడు 205 సెంటీగ్రేడు డిగ్రీలలోపున మరుగరాదని నియమము. నీరు నూటికి 3.7 పాళ్లు చేరినచో ఆ హద్దు 140కి దిగును. డాట్ 4కు ఈ హద్దులు 230, 155. దిగుడులో బ్రేకులు కాగినప్పుడు ఆయిలు మరిగి, త్రొక్కుడంతయు ఆవిరి నణచుటకే సరిపోవును. చల్లారిన పిదప పెడలు మరల గట్టిపడును, బాగైనదని భ్రమపడరాదు.

కావున బండి పుస్తకములో వేరుగా చెప్పనియెడల, రెండేండ్లకొకసారి ఆయిలంతయు మార్పవలెను. పైపైన పోసి నింపుట మార్చుట కాదు.

పనికి ఇద్దరు కావలెను. బండిని సమతలమున నిలిపి, చక్రములు కదలకుండ రాళ్లు పెట్టవలెను. డబ్బాలోని పాత ఆయిలు తీసి క్రొత్తది పోయవలెను. సాధారణముగా మాస్టరు సిలిండరుకు మిక్కిలి దూరపు చక్రముతో ఆరంభింతురు. దాని బ్లీడరు మరకు గాజువలె కనబడు గొట్టము తగిలించి, రెండవ కొన సీసాలోని ఆయిలులో ముంచవలెను. ఒకరు పెడలు మెల్లగా త్రొక్కి పట్టగా, రెండవవారు మర వదులు చేయవలెను. మర బిగించిన పిమ్మటనే పెడలు వదలవలెను. బుడగలు లేక తేట ఆయిలు వచ్చువరకు ఇట్లే చేసి, తక్కిన చక్రములకు పోవలెను. నడుమ డబ్బా ఎండినచో గాలి చొచ్చి పని మొదటికి వచ్చును. ఏ.బి.ఎస్. గల బండిని తెలిసిన మెకానిక్కుకే అప్పగింపుడు.

కిరసనాయిలుగాని ఇంజను ఆయిలుగాని సోకినచో లోపలి రబ్బరు ఉబ్బి చెడును. కొన్ని ట్రాక్టరుల బ్రేకులకు వేరు నూనె గలదు. పుస్తకము చూడక దేనిని పోయరాదు. చాలకాలము మూత తీసియున్న సీసా పనికిరాదు. పాత ఆయిలును చేలోను కాలువలోను పారబోయక మెకానిక్కు షాపున కిచ్చునది.

ఆయిలు మార్చిన తేదీని డబ్బా దాపున చీటిపై వ్రాసి అంటింపుడు. పంట బస్తాలతోబాటు మన బిడ్డలును ఆ బండిమీదనే వచ్చుచున్నారని మరువవలదని మా మనవి.