గవాక్షానికి రెప్ప

కిటికీకి సంస్కృతంలో గవాక్షమని పేరు. ఆవు కన్ను అని దాని వ్యుత్పత్తి. ఆంగ్లంలోని 'విండో' అనే మాట ప్రాచీన నార్సు భాష నుండి వచ్చినది. గాలి కన్ను అని దాని అర్థం. ఇంటిని దేహంగాను, కిటికీని కన్నుగాను భావించుట రెండు దూరదేశాల వారికి ఒక్క తీరునే తోచినది కాబోలు. అయితే కన్నన్న తరువాత రెప్ప ఉండవలె కదా! మన పెంకుటిండ్ల కిటికీలకు చెక్కరెక్కలుండేవి. వేస్తే చీకటి, తీస్తే వెలుగు. నేటి ఇండ్లలో వాటి స్థానాన్ని అద్దపు పలకలు ఆక్రమించినవి. అద్దం గాలిని ఆపుతుంది, వెలుగును ఆపదు. నిద్రకు కావలసినది సరిగా దీనికి విపర్యయం.

రెప్ప పోయిన కాలంలోనే వీధి వెలుగు పెరిగినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊపివేసిన తరువాత ఆ నగర వీధులలో పాత దీపాల స్థానే ఎల్‌ఇడి దీపాలు వెలసినవి. 2015 నుండి దేశమంతటా ఊరూరా అదే మార్పు ఆరంభమైనది. కరెంటు ఆదా అయినది, ఆడపిల్లలు నిర్భయంగా నడువగలుగుతున్నారు, వద్దనేవారెవ్వరు? కాని పాత సోడియం దీపపు పసుపు కాంతి కంటె ఈ తెల్లని కాంతిలో నీలపు పాలు హెచ్చు. ఆ నీలపు పాలే నిద్రకు చేటు.

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని సామెత. అలసినవానికి కటికనేలయే పట్టుపరుపు అని దాని భావం. నిజమే. కాని ఆ సామెత పుట్టిన నాడు రాత్రి రాత్రిగానే ఉండేది. పున్నమి వెన్నెల నేలపై పడినప్పుడు దాని బలం లక్సు అనే కొలతలో పదింట మూడు వంతులకు మించదు. వీధిదీపం క్రింద అది పదో ఇరవయ్యో ఉంటుంది. పరుపు ఎట్టిదైనా సరిపెట్టుకోగల నిద్ర వెలుగుతో మాత్రం రాజీపడదని సామెత చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఆనాడు లేదు.

ఎందుకు రాజీపడదు? 1729లో ద మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన అత్తిపత్తి వంటి మొక్కనొకదానిని చీకటిలో ఉంచి చూచినాడు. సూర్యుడు కనబడకున్నా ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పి, రాత్రివేళకు ముడుచుకొన్నది. అంటే కాలజ్ఞానం మొక్కలోపలనే ఉన్నదన్నమాట. ప్రాణులలోని ఆ గడియారపు యంత్రాంగాన్ని విప్పి చూపినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానం లభించినది. మనిషిలోని గడియారం ఇరువదినాలుగు గంటల కంటె రవ్వంత నిదానంగా నడుస్తుంది. దానిని ప్రతిదినమూ సరిచేసేది ఉదయపు వెలుగు. రాత్రి పడవలసిన వెలుగు కాక పడరాని వెలుగు పడితే అది ఇంకా వెనుకబడుతుంది.

చీకటి పడగానే మెదడు నడుమనున్న చిన్న గ్రంథి మెలటోనిన్ అనే రసాన్ని స్రవిస్తుంది. 1958లో అమెరికాలో లెర్నర్ అనే వైద్యుడు దీనిని మొదట వేరుచేసినది ఆవుల గ్రంథుల నుండియే. గవాక్షమని పేరు పెట్టిన మన పూర్వులకు ఈ సంగతి తెలిస్తే నవ్వుకొనేవారు! వెలుగు సోకితే ఈ స్రావం తగ్గుతుంది. చూపుతో నిమిత్తం లేకుండా కేవలం వెలుగును పసిగట్టి మెదడుకు వార్త పంపే కణాలు కంటిపొరలో ఉన్నవని 2002లో తేలినది. నీలికాంతికి అవి మిక్కిలి చలిస్తాయి. మూసిన రెప్పల గుండా కూడ కొంత వెలుగు లోనికి పోతుంది. 2022లో అమెరికాలో ఇరువదిమంది ఆరోగ్యవంతులపై ఒక పరిశోధన జరిగినది. నూరు లక్సుల వెలుగులో ఒక్క రాత్రి నిదురించినవారి గుండె ఆ రాత్రి వడిగా కొట్టుకొన్నది. మరునాటి ఉదయం వారి దేహంలో ఇన్సులిన్ పని మందగించినది. నిద్ర పట్టలేదా అంటే పట్టినది. అదే ఇందులో విశేషం. తనకేమీ కాలేదనే నిదురించినవాడు అనుకొంటాడు. అదే ఏడాది ఈ విషయంలో పండితులు కొందరు కలిసి, పడకవద్ద ఈ జాతి వెలుగు ఒక్క లక్సుకు మించరాదని సలహా ఇచ్చినారు.

ఇక మన పడకగదులలోని 'జీరో బల్బు' మాట. పేరుకు సున్న, పైగా చల్లగా ఉంటుందని నీలిరంగుదే ఏరి కొంటాము. పసిపిల్లలకో వృద్ధులకో దీపం కావలసివస్తే ఎర్రనిది, నేలకు దగ్గరగా, మంచం చాటున పెట్టుకొనుట మేలు. గుడ్డిదీపం అనే చక్కని మాట మనకు ఉండనే ఉన్నది.

కిటికీకి కట్టే దళసరి తెర యుద్ధం నేర్పిన విద్య. 1939 సెప్టెంబరు 1 నుండి బ్రిటనులో ఇంటి వెలుగు శత్రువిమానాల కంటబడకుండ కిటికీలకు నల్లగుడ్డలు కట్టించినారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు కురిపించిననాడు మన తీరవాసులకు కూడ ఆ భయం అనుభవానికి వచ్చినది. అప్పుడు లోపలి వెలుగు వెలికి పోరాదు. ఇప్పుడు వెలుపలి వెలుగు లోనికి రారాదు. గుడ్డ మాత్రం అదే.

అంగడిలో ఖరీదైన తెరలున్నవి. అవి లేకున్నా పాత దుప్పటికి ముదురురంగు అస్తరు వేసి కుట్టుకొంటే చాలు. వెలుగు గుడ్డ గుండా వచ్చేదానికంటె సందులగుండా వచ్చేదే ఎక్కువ. కనుక తెర చట్రానికి ఇరువైపులా జానెడు ఎక్కువగా ఉండి, గోడను ఆనుకొని వ్రేలాడవలె. పైనున్న వెంటిలేటరు అద్దాన్ని అందరూ మరచిపోతారు. దానికి ఒక అట్టముక్క చాలును. చిక్కంతా మన వేసవిలో ఉన్నది. తెర వేస్తే గాలి రాదు. వీధివైపు కిటికీకి తెర వేసి పెరటివైపుది తెరచి ఉంచవచ్చు. ఒకటే కిటికీ ఉన్నవారు తల కిటికీవైపు ఉండేటట్లు మంచం త్రిప్పుకొంటే వెలుగు నేరుగా ముఖాన పడదు. ఆ దిక్కు ఉత్తరమైతే ఇంటిలోని పెద్దవారు ఒప్పుకొనరు, అది వేరు సంగతి! అప్పుడు కళ్లకు మెత్తని నల్లగుడ్డ కట్టుకొనుటయే గతి. గాంధారి అని తోటివారు పరిహసిస్తే పరిహసించనీయండి.

వసతిగృహ విద్యార్థులకు ఈ గుడ్డయే శరణ్యం. ఒకడు అర్ధరాత్రి దాకా చదువుతాడు, ఇంకొకడు నాలుగింటికి లేస్తాడు. దీపం మాత్రం ఎన్నడూ ఆరదు. ఆ గదిలో ముప్పదిమంది ఉంటే ముప్పదిమందికీ చీకటి లేదు. యౌవనారంభంలో నిద్రవేళ సహజంగానే వెనుకకు జరుగుతుంది. దానికి ఈ వెలుగు తోడైతే మరునాడు మొదటి పీరియడులో తూగే తలలు ఎన్నో ఉపాధ్యాయ మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. అది సోమరితనమని శిక్షించే ముందు పిల్లవాడు పడుకొనే చోటును ఒకసారి చూచి రావడం న్యాయం. చదువుకొనేవారికి వేరే గది, పడుకొనేవారికి చీకటి గది ఏర్పరచుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కిటికీ ఎదుటనే వీధిదీపం ఉంటే దానికి ఇంటివైపు ఒక రేకు డొప్ప అమర్చమని పురపాలక సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. దారి వెలుగు దారికే ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి తెర కొనేవారు తరచు మరచేది. దళసరి తెర వీధిదీపాన్నే కాదు, సూర్యుని కూడ ఆపుతుంది. తెల్లవారినా గదిలో అర్ధరాత్రిగానే ఉంటే లోపలి గడియారం సరిపడదు. రెండు వారాలలో లేవడమే కష్టమవుతుంది. కనుక కన్ను తెరచిన మరుక్షణం చేయి తెరమీదికి పోవలె. కుదిరితే పాఠ్యపుస్తకం చేతబట్టి ఒక అరగంట అరుగుమీదనో డాబామీదనో ఎండపొడలో కూర్చొనుట మరీ మంచిది.